దేవమాలి కొండ కంటే ఎత్తున ఉన్న ఊరు: మెక్సికో సిటీ ప్రయాణంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగాల మీద మెక్సికో సిటీ వెళ్లిన పిల్లల దగ్గరికి బయల్దేరుతున్న తల్లిదండ్రుల ఉత్తరాలు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వస్తున్నాయి. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం.

మా ఇద్దరికీ అమెరికా టూరిస్టు వీసా ఉంది. మెక్సికోకి మళ్లీ వేరే వీసా కావాలా? ఏ దారిన వెళ్తే ఇబ్బంది తక్కువ?
– దంపతులు, బరంపురం

అక్కర్లేదు. అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంజెన్ దేశాలు (ఒకే ఉమ్మడి వీసా ఇచ్చే యూరప్ దేశాలు) – వీటిలో దేని వీసా అయినా గడువులో ఉంటే భారతీయులు మెక్సికోలోకి సందర్శకులుగా నేరుగా దిగొచ్చు. మీరు దిగే రోజుకి ఆ వీసా చెల్లుబాటులో ఉండాలి. అది పాత పాస్‌పోర్టులో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఉండటానికి గరిష్ఠంగా 180 రోజులు. అయితే అందరికీ 180 పడుతుందని ధీమాగా ఉండకండి. ఎన్ని రోజులివ్వాలన్నది కౌంటరులో కూర్చున్న అధికారి నిర్ణయం. తిరుగు టికెట్టు, అబ్బాయి ఇంటి చిరునామా, అతని నివాస కార్డు నకలు కాగితం మీద సిద్ధంగా ఉంచుకోండి. ముద్ర వేసి పాస్‌పోర్టు తిరిగివ్వగానే అక్కడే నిలబడి రోజుల సంఖ్య చూసుకోవాలి. ఇంటికెళ్లి చూసుకుంటే చేసేదేమీ ఉండదు.

ఈ వీసాలేవీ లేనివాళ్లు న్యూఢిల్లీలోని మెక్సికో రాయబార కార్యాలయంలో అపాయింట్‌మెంటు తీసుకుని స్వయంగా ఇంటర్వ్యూకి వెళ్లాలి. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది రెండు చోట్ల. ఒకటి, జనన ధ్రువపత్రం, భూమి పట్టా ఒడియాలో ఉంటాయి. వాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. రెండు, బ్యాంకు ఖాతా. ఇంటర్వ్యూకి పది రోజుల ముందు ఒకేసారి పెద్ద మొత్తం జమ చేస్తే అది అప్పు తెచ్చిన డబ్బులా కనిపిస్తుంది. నెలల తరబడి నిలకడగా ఉన్న నిల్వకే విలువ.

ఇక దారి. మన దేశం నుంచి మెక్సికో సిటీకి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే, విమానం మారడానికే దిగినా అక్కడ ఇమ్మిగ్రేషను దాటాలి, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. మీకు వీసా ఉంది కాబట్టి కుదురుతుంది, ఓపిక మాత్రం కావాలి. టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఇస్తాంబుల్ మీదుగా, ఎమిరేట్స్ దుబాయ్–బార్సిలోనా మీదుగా నడుపుతున్నాయి. యూరప్ విమానాశ్రయం ఏది మధ్యలో వచ్చినా ట్రాన్సిట్ వీసా కావాలేమో డబ్బు కట్టకముందే విమాన సంస్థను అడగండి. ఈ నియమం దేశానికొక రకంగా ఉంటుంది.

ఇస్తాంబుల్ విమానంలో ఒక తమాషా ఉంది. వెళ్లేటప్పుడు నేరుగా మెక్సికో సిటీలో దింపుతుంది, వచ్చేటప్పుడు కాన్‌కూన్‌లో ఆగుతుంది. మెక్సికో సిటీలో గాలి పలచన. ఇస్తాంబుల్ దాకా సరిపడా ఇంధనం నింపుకుంటే అంత బరువుతో అక్కడి రన్‌వే మీద లేవడం కష్టం. అందుకని తేలిగ్గా లేచి, సముద్రమట్టాన ఉన్న కాన్‌కూన్‌లో నింపుకుంటుంది. తిరుగు ప్రయాణం కొన్ని గంటలు పెరిగిందేమిటని కంగారుపడకండి.

భువనేశ్వర్ నుంచైనా విశాఖపట్నం నుంచైనా చివరిదాకా ఒకే టికెట్టు మీద ఉండేలా కొనండి. ఢిల్లీ దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకొకటి విడివిడిగా కొంటే రెండు మూడు వేలు మిగలొచ్చు. కాని మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్టు డబ్బు పోయినట్టే. పెట్టెలు కూడా ఢిల్లీలో మీరే మోసుకోవాలి.

దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: గసగసాలు సామాన్లో ఉండకూడదు. మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. అక్కడ అవి నిషిద్ధం.

నాకు బీపీ ఉంది. మా తమ్ముడికి సికిల్ సెల్ లక్షణం ఉందని పరీక్షలో తేలింది. ఎత్తైన ఊరంటున్నారు, వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

మన కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అంటే దేవమాలి నెత్తిన ఇంకో ఐదొందల అరవై మీటర్లు పైకి. చుట్టూ చూస్తే బల్లపరుపు నేల కాబట్టి కొండ మీద ఉన్నామని కంటికి తెలియదు, రెండు అంతస్తుల మెట్లెక్కితే ఊపిరికి తెలుస్తుంది. ఒక్కో శ్వాసకి అందే ప్రాణవాయువు మన బరంపురంలో అందేదానిలో ముప్పాతిక వంతే.

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకి మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, తర్వాత సర్దుకుంటుంది. దిగిన రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. రెండో రోజు సాయంత్రం దాకా కొద్దికొద్దిగా తినడం, నీళ్లు బాగా తాగడం, మెల్లగా నడవడం – అంతే.

బీపీ అదుపులో ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు, మందులు మానకూడదు. సికిల్ సెల్ సంగతి వేరు. మన జిల్లాల్లో ఇది చాలా కుటుంబాల్లో ఉంది కాబట్టి నొక్కి చెబుతున్నాం. జబ్బు ఉన్నవాళ్లకి ప్రాణవాయువు తక్కువైనచోట ఎర్రకణాలు కొడవలి ఆకారానికి తిరిగి నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. లక్షణం మాత్రమే ఉన్నవాళ్లలో, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చి జబ్బు లేనివాళ్లలో, చాలామంది బాగానే ఉంటారు, కాని ఎత్తులో అరుదుగా ప్లీహం దెబ్బతింటుంది. ఎడమ డొక్కలో గట్టిగా నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. మీ తమ్ముడుగారు టికెట్టు కొనకముందే రక్తపరీక్ష కాగితంతో డాక్టరుని కలవాలి. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించుకోండి. మెక్సికోలో 2010 నుంచి చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వరు.

కోడలికి పురుడు పోయడానికి మూడు నెలలు ఉండేలా వెళ్తున్నాను. కుక్కరు, మిక్సీ పట్టుకెళ్లాలా? అక్కడ అన్నం ఉడకదంటున్నారు, నిజమేనా? ఆవకాయ తీసుకెళ్లనిస్తారా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

అమ్మా, కుక్కరు తప్పకుండా పట్టుకెళ్లండి. మిక్సీ ఇంటి దగ్గరే వదిలేయండి.

అన్నం ఉడకదన్నది సగం నిజం. ఆ ఎత్తులో నీళ్లు 92–93 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో తెర్లుతోంది కదా అని మంట ఎంత పెంచినా వేడి అక్కణ్ణుంచి పెరగదు, నీళ్లు మాత్రం తొందరగా ఇగిరిపోతాయి. అందుకే విడిగా వండితే గింజ పైన మెత్తబడి, లోపల పలుకు మిగులుతుంది. బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసుకి అరగ్లాసు నీళ్లు అదనంగా పోసి, మూత బిగుతుగా పెట్టి సన్న సెగ మీద ఉంచితే ఉడుకుతుంది. కుక్కరులో లోపలి వేడి 116 డిగ్రీల దాకా వెళ్తుంది, మన ఊళ్లో అయితే 120కి చేరుతుంది. కాబట్టి ఇక్కడి సమయానికి పావువంతు కలపండి. పప్పుకి ఇక్కడ నాలుగు కూతలైతే అక్కడ ఐదు. శనగలు, రాజ్మా రాత్రంతా నానాల్సిందే. ఐదు లీటర్ల కుక్కరు ఒకటి, రబ్బరు గాస్కెట్లు రెండు అదనంగా, సేఫ్టీ వాల్వు ఒకటి చెక్‌ఇన్ పెట్టెలో పెట్టండి. మన కంపెనీ గాస్కెట్టు అక్కడ దొరకదు.

మిక్సీ ఎందుకు వద్దంటే, అక్కడి కరెంటు 127 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మన 230 వోల్టుల మోటారు దానిమీద నీరసంగా తిరుగుతుంది, పప్పు పడగానే ఆగి వేడెక్కి కాలిపోతుంది. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిలు పాడవవు గాని వేడి మూడో వంతు కూడా రాదు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 వోల్టులని రాసి ఉంటే నిశ్చింత. రెండు చదును పిన్నుల అడాప్టరు చాలు. అక్కడ మిక్సీని 'లికువదోరా' అంటారు, ఇడ్లీ పిండి కొంచెం నీళ్లు ఎక్కువ పోస్తే నలుగుతుంది. పచ్చడికి 'మోల్కాహేతె' కొనండి. మూడు కాళ్ల నల్లరాతి రోలు, చేతిలో ఇమిడే పొత్రం. కొనగానే వాడేయకూడదు. గుప్పెడు బియ్యం వేసి నూరి, బూడిదరంగు రాతిపొడి కడిగేసి, మళ్లీ వేసి నూరాలి. నూరిన బియ్యప్పిండి తెల్లగా వచ్చేదాకా, నాలుగైదుసార్లు. మన కొత్త రోటికి చేసే పనే.

ఆవకాయ సంగతి చెబితే మీకు నచ్చదు. ఇంట్లో చేసిన తిండి పదార్థాలు మెక్సికో నిషేధ జాబితాలో ఉన్నాయి. పచ్చి పళ్లు, మట్టి అంటిన దుంపలు, పచ్చి మాంసం కూడా. కంపెనీ సీలు, లేబులు ఉన్న పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్లి కస్టమ్స్ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పి ఇచ్చేస్తే వస్తువే పోతుంది. దాచి దొరికితే జరిమానా.

అయినా అంత మోసుకెళ్లే అవసరం లేదు. వారం వారం వీధుల్లో 'తియాంగిస్' అనే సంత వేస్తారు, మన రాయగడ సంతలాగే గుడ్డ పందిళ్ల కింద. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, వెల్లుల్లి, కొత్తిమీర, చింతపండు, నువ్వులు, వేరుశనగలు అన్నీ ఉంటాయి. మన ఎండుమిర్చి ఘాటుకి దగ్గర 'చిలె దె ఆర్బోల్'. బెల్లం కావాలంటే 'పిలోన్సియో' అనండి, శంఖు ఆకారపు అచ్చులు. 'చయోతె' అంటే మన సీమవంకాయే, దాని పుట్టిల్లు ఆ దేశమే. 'హమైకా' పేరుతో అమ్మే ఎర్రటి ఎండు పూతొడిమలు మన పుల్ల గోంగూర జాతివి. అక్కడివాళ్లు వాటితో పంచదార పానకం చేసుకుంటారు, మీరు పప్పులో వేసి చూడండి. కందిపప్పు మాత్రం మామూలు సంతలో కనిపించదు, భారతీయ సరుకుల కొట్టులో కొనాలి, ధర ఎక్కువ. పెద్ద మసూరు రకం 'లెంతేహా' ఎక్కడైనా చవక.

కుళాయి నీళ్లు కాచినా తాగడానికి వాడకండి, 20 లీటర్ల 'గర్రాఫోన్' తెప్పించుకోండి. వంటకీ అదే మంచిది.

మేము గుడ్డు కూడా తినం. బయట తినాల్సి వస్తే?
– ఒక పాఠకురాలు, జయపురం

'శాకాహారం' అని ఒక్క మాట చెబితే చాలదు. కోడి ముక్క తీసేసి అదే పులుసు వడ్డించేవాళ్లున్నారు, వాళ్ల దృష్టిలో అది మోసం కాదు. విడమరిచి చెప్పాలి: 'నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని వేవో' – మాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ తినను.

కంటికి కనబడని చోట్లు రెండు. రాజ్మాలాంటి గింజల ముద్దలో, తమాలె అనే ఆవిరి కుడుముల్లో పందికొవ్వు కలుపుతారు, 'సిన్ మంతేకా?' అని అడగండి, అంటే కొవ్వు లేకుండానా అని. ఎర్రటి అన్నం, పలచటి సూపు తరచుగా కోడి రసంతో ఉడుకుతాయి. 'యేవా కాల్దో దె పోయో?' అంటే కోడి రసం వేశారా అని అడగండి.

ధైర్యంగా తినగలిగినవి: గుమ్మడిపూల కెసాదియా (కూర పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టె), పుట్టగొడుగులది, నాగజెముడు ఆకుల 'నొపాల్' కూర, లోపల బాకలా (ఒక రకం పెద్ద చిక్కుడు) గింజల ముద్ద పెట్టిన 'త్లాకోయో'. మెక్సికో సిటీలో కెసాదియా అంటే అందులో జున్ను తప్పకుండా ఉంటుందని నమ్మకం లేదు, 'కోన్ కేసో' అని చెప్పి వేయించుకోవాలి. దీనిమీద మిగతా ఊళ్లవాళ్లు రాజధాని వాళ్లని ఆటపట్టిస్తారు. మొక్కజొన్న రొట్టెలో మైదా ఉండదు. గింజల్ని సున్నపునీళ్లలో ఉడికించి, పొట్టు రాల్చి రుబ్బిన పిండి అది. పెనం మీదే మాంసం కాల్చే బండి దగ్గర మాత్రం ఆగకండి, గరిటె ఒకటే.

మాకు స్పానిష్ రాదు. పిల్లలు ఆఫీసుకి వెళ్తే మేమిద్దరం మెట్రోలో తిరగగలమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపురం

తిరగగలరు మాస్టారూ. ఆ మెట్రో 1969లో మొదలైంది, ప్రతి స్టేషనుకీ పేరుతో పాటు ఒక బొమ్మ పెట్టారు. చపుల్తెపెక్ అంటే పాత భాషలో మిడతల గుట్ట, స్టేషను బొమ్మ మిడత. కోయోఅకాన్‌కి గుంటనక్కలాంటి జంతువు. విమానాశ్రయం దగ్గరి తెర్మినాల్ ఆయెరెయాకి కంట్రోల్ టవరు. పిల్లల చేత మీరు దిగాల్సిన బొమ్మ, లైను రంగు కాగితం మీద గీయించుకుంటే చదవాల్సిన పనే లేదు. ప్లాట్‌ఫారం మీద 'దిరెక్సియోన్' తర్వాత ఉన్న పేరు చివరి స్టేషనుది. మీరు వెళ్లే వైపు చివరి పేరు గుర్తుంటే ఎదురు రైలు ఎక్కరు.

ఛార్జీ ఎంత దూరమైనా 5 పెసోలు (పెసో అక్కడి రూపాయి), లైను మారితే మళ్లీ కట్టక్కర్లేదు. స్టేషను కిటికీలో 'తార్హేతా దె మొవిలిదాద్' కార్డు కొని డబ్బు వేయించుకోండి. ఒకే కార్డు ఇద్దరికీ రెండుసార్లు తాకించొచ్చు. ఎర్ర మెట్రోబస్సుకీ అదే కార్డు, 6 పెసోలు. మెట్రో రైలు ముందు పెట్టెలు ఆడవాళ్లకి, పన్నెండేళ్లలోపు పిల్లలకి. రద్దీ వేళ అక్కడ పోలీసులు అడ్డు పెడతారు, అప్పుడు దంపతులు విడిపోవాల్సి వస్తుంది. కాబట్టి దిగే స్టేషను ముందే అనుకోండి.

పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 ఎక్కవద్దు. జేబుదొంగలకి అదే అదను, ఫోను చొక్కా జేబులో పెట్టుకునే మన అలవాటు అక్కడ పనికిరాదు. పెద్ద పెట్టెలతో మెట్రోలోకి రానివ్వరు. విమానాశ్రయం నుంచి ఇంటికి, లోపలే ఉన్న అధీకృత టాక్సీ కౌంటరులో ముందే డబ్బు కట్టి చీటీ తీసుకోండి. 'టాక్సీ, టాక్సీ' అంటూ వెంటపడేవాళ్ల బండి వద్దు. చిరునామాలో 'కొలోనియా' అంటే పేట పేరు తప్పక ఉండాలి. ఒకే వీధి పేరు ఊళ్లో పది పేటల్లో ఉంటుంది.

ఐదు రోజుల్లో ఏమేం చూడొచ్చు?
– ఒక విద్యార్థిని, ఛత్రపురం

ముందు ఏ రోజు ఏ వారమో చూసుకోండి. సోమవారం మ్యూజియాలు మూసేస్తారు. ఆదివారం స్థానికులకి చాలాచోట్ల ఉచితం కాబట్టి కిక్కిరిసిపోతాయి. సోమవారం తెయోతివాకాన్ పిరమిడ్లకి కేటాయించండి, అవి రోజూ తెరుస్తారు.

మెట్రో 5వ లైనులో అవుతోబూసెస్ దెల్ నోర్తె స్టేషనులో దిగితే ఎదురుగానే బస్‌స్టాండు. లోపల ఎడమచేతి చివర, 8వ ద్వారం దగ్గర కౌంటరులో 'పిరామిదెస్' అని అడగండి. 'సాన్ హువాన్ తెయోతివాకాన్' అంటే పక్క ఊళ్లో దింపుతారు. ఊరికి 50 కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఉదయం 8కి గేటు తెరిచేసరికి అక్కడ ఉండాలి. రెండు కిలోమీటర్ల దారి పొడుగునా నీడ లేదు. చలిగాలికి ఎండ తెలియదు గాని ఆ ఎత్తులో చర్మం మాడిపోతుంది. టోపీ, మనిషికి ఒకటిన్నర లీటరు నీళ్లు. సూర్య పిరమిడ్ 65 మీటర్లు, కింద నిలబడి చూసే లెక్కలోనే వెళ్లండి. 2020లో ఎక్కడం ఆపేశారు.

మానవశాస్త్ర మ్యూజియానికి పూర్తి రోజు కావాలి. అలసటకి ముందే మెహికా గదికి (స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ ఊరిని ఏలిన ఆజ్‌తెక్‌ల గది) వెళ్లండి, 24 టన్నుల సూర్యశిల అక్కడే ఉంది. చిత్రకారిణి ఫ్రిదా కాలో ఇల్లు చూడాలంటే టికెట్టు ముందుగా ఆన్‌లైనులో కొనాలి, గుమ్మం దగ్గర దొరకదు.

నడిబొడ్డున సోకలో మైదానం. పక్కనే 1978లో కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే బయటపడిన ఆజ్‌తెక్ గుడి శిథిలాలు. ఆ ఊరు సరస్సు పూడ్చి కట్టింది, అందుకే కెథెడ్రల్ నేల ఒక పక్కకి వాలి కనిపిస్తుంది. వేరేచోట ఉన్న గ్వాదలూపె చర్చిలో మేరీమాత చిత్రం ముందు కదిలే పట్టీ పెట్టారు. నిలబడితే అదే ముందుకి లాక్కుపోతుంది, 'జరగండి జరగండి' అనే మనిషి అవసరం లేదు. డిసెంబరు 11, 12 తేదీల్లో అటు వెళ్లొద్దు, ఆ జాతర మన ఊహకి అందదు.

సోచిమిల్కో పడవలకి తస్కేన్యా దాకా మెట్రో, అక్కణ్ణుంచి చిన్న రైలు. చిలక సరస్సులో రంభ దగ్గర బోటు మాట్లాడుకున్నట్టే, పడవకి గంటకి ఇంత. తలకి ఇంత అని ఎవరైనా చెబితే రేవులో పెట్టిన ధరల బోర్డు చూపించండి. పాటగాళ్లు ఎక్కితే పాటకి ధర ముందే అడగాలి.

మే నుంచి అక్టోబరు వరకు మధ్యాహ్నం మూడు దాటితే వాన. బయటి పనులు ఉదయమే.

అక్కడ భూకంపాలు ఎక్కువట. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, మల్కన్‌గిరి

1985లో, 2017లో పెద్దవి వచ్చాయి, రెండూ సెప్టెంబరు 19నే. సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంకమట్టి గిన్నెలో పెరుగులా ఊగుతుంది కాబట్టి దూరాన పుట్టిన భూకంపం కూడా ఊరిని బలంగా తాకుతుంది. పసిఫిక్ తీరాన కంపం మొదలవగానే రేడియో సంకేతం ముందుగా ఊరికి చేరి, వీధి స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు మోగుతాయి. సుమారు నిమిషం దాకా వ్యవధి దొరకొచ్చు. 2017లో కేంద్రం దగ్గరే ఉండడంతో ఆ వ్యవధి దాదాపు దొరకలేదు.

మోగగానే కింది అంతస్తుల వాళ్లు మెట్ల మీదుగా బయటికి. పై అంతస్తుల్లో ఉంటే ఆకుపచ్చ గుర్తు పెట్టిన స్తంభం పక్కన నిలబడండి. లిఫ్టు ఎక్కకూడదు. చెప్పులు, పాస్‌పోర్టు మంచం పక్కనే. కొత్తవాళ్లు ఒక్కోసారి వీధిలో లౌడ్‌స్పీకరు వినపడగానే ఉలిక్కిపడతారు. అది పాత పరుపులు, ఫ్రిజ్‌లు, ఇనప సామాన్లు కొనేవాడి బండి. చీకటిపడ్డాక పొడుగ్గా ఈల వేసేది ఉడికిన చిలగడదుంపల బండి. పిల్లల చేత అసలు హెచ్చరిక శబ్దాన్ని ఫోనులో ఒకసారి పెట్టించుకుని విని వెళ్లండి.

డబ్బు, ఫోను సంగతి రెండు ముక్కల్లో చెప్పండి.
– ఒక పాఠకుడు, బరంపురం

పెసోకి కూడా డాలరు గుర్తే వాడతారు, మెనూ చూసి గుండె జారిపోనక్కర్లేదు. నీలం రంగు 500 నోటు, పాత నీలం 20 నోటు రెండింటి మీదా బెనీతో హువారెస్ బొమ్మే, టాక్సీలో చీకట్లో లెక్కపెట్టకండి. ఏటీఎం రూపాయల్లోకి మార్చమంటారా అని అడిగితే వద్దు అని నొక్కండి. కార్డులో విదేశీ వాడకం ఇక్కడే తెరిపించుకోండి. హోటల్లో బిల్లు మీద 10 నుంచి 15 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. ఆపదలో 911.

మన గడియారం పదకొండున్నర గంటలు ముందు. వాళ్లు 2022లో వేసవి సమయం ఎత్తేశారు కాబట్టి ఏడాదంతా ఇదే లెక్క. అక్కడ రాత్రి తొమ్మిదింటికి భోజనాలయ్యాక ఫోను చేస్తే ఇక్కడ మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర, ఇంట్లోవాళ్లు టిఫిన్ దగ్గర ఉంటారు.